నొప్పి ముఖంలో కనపడని మనం డాక్టరుకు ఎలా చెప్పాలి: ఆటిజం ఉన్న పెద్దవాళ్ల కోసం

మూత్రనాళంలో 8 మిల్లీమీటర్ల రాయి ఇరుక్కుంటే, అది రాయి అని తేలడానికి నాకు 11 రోజులు పట్టింది. ఆ 11 రోజుల్లో మా ఇంట్లో అందరికీ చూసే డాక్టరు దగ్గరికి మూడుసార్లు పోయాను. మూడుసార్లూ ఆయన నా ముఖం వైపు చూసి, "నొప్పుంటే ఇట్లా కూర్చుంటారామ్మా ఎవరైనా?" అని గ్యాస్ మాత్రలు రాశాడు. మూడోసారి నేను పక్కనే ఉండగా మా అమ్మతో, "పాపకు పెండ్లి టెన్షన్ ఉన్నట్టుంది" అన్నాడు. అప్పటికి నాకు 33 ఏళ్లు. ఆ రాత్రులు బాత్రూంలో గోడకు తల ఆనించి కూర్చుని, ప్రభవ, విభవ, శుక్ల అంటూ అరవై సంవత్సరాల పేర్లూ గొణుక్కునేదాన్ని, అక్షయ అయిపోతే మళ్లీ మొదటికి. నాకు నొప్పి వచ్చినప్పుడు బయటికి కనపడేది అంతే.

నాకు ఆటిజం ఉందని 31వ ఏట బెంగళూరులో తేలింది. ఆ సంగతి ఈ డాక్టరుకు చెప్పాను కూడా. "అది చిన్నపిల్లలకు వచ్చేది కదా, నువ్వు ఉద్యోగం చేస్తున్నావే" అన్నాడు, అంతటితో ఆ మాట అయిపోయింది.

నేను డాక్టర్ని కాదు. అనంతపురంలో ఒక వేరుశనగ మిల్లులో లెక్కలు రాస్తాను. కాబట్టి నాకు తెలిసిన విద్య ఒకటే, దేన్నైనా పద్దు రాసి చూపించడం. కింద ఉన్నదంతా దాదాపు అదే. ఆటిజం నిర్ధారణ అయినవాళ్లకు, ఇంకా కాకపోయినా తమకు ఉందేమో అనుకుంటున్నవాళ్లకు ఇద్దరికీ పనికొస్తుంది.

ముందు, డాక్టరు ఏం చూస్తున్నాడో తెలుసుకోండి

సాయంత్రం క్లినిక్‌లో యాభై అరవై మంది ఉంటారు. ఒక్కొక్కరికి దక్కేది మూడు నాలుగు నిమిషాలు. ఆ కాసేపట్లో డాక్టరు మీ మాటలకంటే ముందు మీ ముఖం, గొంతు, కూర్చున్న తీరు చదువుతాడు. మన దగ్గర రోగి అంటే "అమ్మా, అయ్యో" అంటూ వంగిపోయి రావాలి. మనలో చాలామందికి నొప్పి ఎంత ఉన్నా గొంతు మారదు, ముఖం మారదు. పైగా పదిమందిలో మామూలుగా కనపడడానికి చిన్నప్పటి నుంచి కష్టపడి నేర్చుకున్న నవ్వు ఒకటి ఉంటుంది, అది సరిగ్గా డాక్టరు ముందే తన్నుకొస్తుంది. దీనికి తిరగబడిన రకం కూడా ఉంది. చొక్కా కాలరు తగిలితేనే విలవిల్లాడేవాళ్లను "ఊరికే నాటకం" అంటారు. ఇంకొంతమందికి లోపల ఏం జరుగుతోందో ఆలస్యంగా తెలుస్తుంది, ఆకలి, దప్పిక, జ్వరం కూడా. నాకు 102 జ్వరం ఉందని ఒకసారి మా తమ్ముడు చెయ్యి తగిలి చెప్పాడు.

ఇది మన ఊరి గొడవ మాత్రమే కాదు. 2022లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో ఒక సర్వే వచ్చింది. చేసిన బృందానికి పెద్ద మేరీ డోహర్టీ, ఐర్లండ్‌లో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు, ఆమెకూ ఆటిజం ఉంది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు 507 మందిని అడిగితే 80 శాతం మంది ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి పోవడం తమకు కష్టమవుతోందన్నారు. ఆటిజం లేనివాళ్లలో అట్లా అన్నవాళ్లు 37 శాతం. కారణాల్లో అన్నిటికంటే పైన ఉన్నది "ఇది డాక్టరుకు చూపించాల్సినంత జబ్బో కాదో తేల్చుకోలేకపోవడం". ఆ తర్వాత ఫోన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవడం, మనల్ని అర్థం చేసుకోవడం లేదనిపించడం, మాట్లాడడం, వెయిటింగ్ రూమ్. ఫోన్ అపాయింట్‌మెంట్ బాధ మనకు తక్కువే, కానీ దాని బదులు కాంపౌండరు కేకలున్నాయి.

ఇంటి దగ్గర: ఒక్క కాగితం

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

నొప్పి గానీ, తల తిరగడం గానీ, ఏదైనా మొదలైన రోజు నుంచి ఫోన్‌లో పద్దు రాయండి. ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతసేపు ఉంది, అప్పుడు ఏ పని ఆగిపోయింది. ఆ మూడే చాలు. డాక్టరు దగ్గరికి పోయే ముందు రాత్రి దాన్ని ఒక తెల్ల కాగితం మీదికి ఎక్కించండి, ఒక పక్క మాత్రమే, పెద్ద అక్షరాలతో. నాలుగోసారి వేరే డాక్టరు దగ్గరికి నేను పట్టుకుపోయిన కాగితం ఇది:

"సార్, నాకు ఆటిజం ఉంది. నా ముఖం చూస్తే, గొంతు వింటే నొప్పి తెలియదు. దయచేసి ఈ అంకెలు చూడండి.
కుడి పక్క నడుములో మొదలై గజ్జల దాకా మెలిపెట్టినట్టు నొప్పి. 10 రోజులుగా. రోజుకు 3, 4 సార్లు, వచ్చిన ప్రతిసారీ 40 నిమిషాల పైన.
వచ్చినప్పుడు నిలబడలేను. తిన్నది వాంతి అవుతుంది. రాత్రి 2 గంటలకు మించి నిద్ర లేదు. 10 రోజుల్లో 6 రోజులు పనికి పోలేదు.
గ్యాస్ మాత్రలు 9 రోజులు వేసుకున్నాను. మార్పు లేదు. చీటీ వెనక జతచేశాను.
నొప్పి ఎక్కువైతే ఏడవను, తెలుగు సంవత్సరాల పేర్లు గొణుక్కుంటాను.
నా ప్రశ్న: ఇది గ్యాస్ కాకపోతే ఇంకేమై ఉండొచ్చు? అది తేల్చడానికి ఏ పరీక్ష చేయాలి?"

ఇందులో కొన్ని కావాలని చేసినవి ఉన్నాయి. "చాలా నొప్పి" అని ఎక్కడా లేదు. చాలా అనే మాటకు డాక్టరు మన ముఖం చూసి వెల కడతాడు, 6 రోజులు పనికి పోలేదన్న మాటకు అట్లా కట్టలేడు. 10కి ఎంత నొప్పి అని అడిగితే మనకు చిక్కొస్తుంది, పదంటే ఎంత, దేనితో పోల్చాలి అని ఆలోచిస్తూ కూర్చుంటాం, ఆయనకు విసుగొస్తుంది. అందుకని ముందే మీ కొలత మీరు తయారు చేసుకోండి. నాది ఇట్లా ఉంటుంది: 3 అంటే పని చేసుకోగలను, 5 అంటే లెక్కల్లో తప్పులొస్తాయి, 7 అంటే మాట రాదు, 9 అంటే నేల మీద పడుకుంటాను. నంబరు చెప్పి పక్కనే దాని అర్థం చెప్పండి.

నొప్పికి మన భాషలో ఉన్నన్ని పేర్లు వాడుకోండి. పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, తీపులు వేరు, గుంజడం, పొడవడం, మెలిపెట్టడం అన్నీ వేరు. డాక్టరుకు ఒక్కో మాట ఒక్కో దారి చూపిస్తుంది. మీకు లోపల ఏం జరుగుతోందో పట్టుకోవడం కష్టమైతే ఈ మాటల పట్టీ రాసుకుని ఒక్కొక్కటీ సరిపోతుందా లేదా అని టిక్కు పెట్టుకోండి. ఖాళీ కాగితం ముందు కూర్చోవడం కంటే ఇది సులువు.

జబ్బు పేరు మాత్రం మీరు రాయొద్దు. "నాకు కిడ్నీలో రాయి ఉందేమో" అని రాస్తే "గూగుల్ చూసి వచ్చినావా?" అనే మాటతో ఆ మూడు నిమిషాలూ అయిపోతాయి. ప్రశ్నగా అడగండి, పేరు ఆయన నోటి నుంచే రానివ్వండి. ఇది కొంచెం లౌక్యమే, మనకు రాని విద్యే, అందుకే కాగితం మీద ముందే రాసుకోమంటున్నా.

ఏ వేళకు పోవాలి, ఎక్కడ కూర్చోవాలి

మొదటి టోకెన్ తీసుకోండి, లేదా మధ్యాహ్నం క్లినిక్ మూసే ముందు పోండి. సోమవారం సాయంత్రం అసలొద్దు. అనంతపురం సాయినగర్‌లో గానీ, కర్నూలు, కడపల్లో ఆసుపత్రులన్నీ ఒకేచోట ఉండే వీధుల్లో గానీ ఆ వేళ అడుగు పెట్టే సందు ఉండదు. వెయిటింగ్ హాల్లో టీవీ, మిణుకుమిణుకుమనే ట్యూబ్‌లైటు, ఫినాయిల్ వాసన, కరెంటు పోతే జనరేటరు. గంటసేపు అందులో ఉండి లోపలికి పోయేసరికి మనకు మాట పడిపోయి ఉంటుంది, సరిగ్గా అప్పుడే మాట్లాడాలి.

కాంపౌండరుతో మాట్లాడుకోండి. "అన్నా, లోపల శబ్దానికి నాకు తల తిరుగుతుంది, బయట చెట్టు కింద ఉంటా, నా ముందు ఇద్దరు ఉండగా ఫోన్ కొట్టన్నా" అంటే చాలా మంది సరేనంటారు. ఆటిజం అనే మాట ఆయనకు చెప్పాల్సిన పని లేదు. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, లేకపోతే దూది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే కండ్లకలకేమో అని పక్కనోళ్లు జరిగి కూర్చుంటారు, అదీ ఒకందుకు మంచిదే.

వికలాంగుల హక్కుల చట్టం ఒకటుంది, 2016ది. అందులో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఒకటి. దాని 25వ సెక్షన్ ప్రకారం వికలాంగులను ఆసుపత్రుల్లో ముందుగా చూసే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. సర్కారు ఆసుపత్రిలో ఓపీ లైను దగ్గర వైకల్య సర్టిఫికెట్ చూపించి ఈ మాట మర్యాదగా అడగొచ్చు. ప్రైవేటు క్లినిక్‌లో సెక్షన్ నంబర్లు చెబితే పని జరగదు, కాంపౌండరన్నతోనే జరుగుతుంది.

తోడు ఎవరు

తోడు ఉంటే మంచిది, కానీ ఎవరిని పడితే వాళ్లను తీసుకుపోతే లేనిపోని చిక్కు. మా అమ్మ నాకోసం ప్రాణమిస్తుంది, కానీ డాక్టరు ముందు కూర్చోగానే, "మా పాపది చిన్నప్పట్నుంచి ఇంతే సార్, మొండిది, ఎవరితోనూ కలవదు, అన్నం సరిగ్గా తినదు" అని మొదలుపెడుతుంది. ఇక నా నడుము నొప్పి ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడు ఇంట్లోనే ఒప్పందం చేసుకుని పోతాం. అమ్మ మూడే విషయాలు చెబుతుంది: రాత్రి నేను ఎన్నిసార్లు లేచానో, ఏం తిన్నానో, తాను కళ్లారా చూసింది ఏమిటో. కారణాలు చెప్పకూడదు. "ఎందుకొచ్చిందో నువ్వు చెప్పొద్దు మా, ఏం చూసినావో అదే చెప్పు" అన్నాను. మొదటిసారి అలిగింది. రెండోసారి నుంచి నాకంటే బాగా చెబుతోంది.

ఆడవాళ్లకు ఇంకో మాట. నెలసరి గురించో, పెళ్లి గురించో డాక్టరు మీతో కాకుండా తోడొచ్చినవాళ్లతో మాట్లాడితే, "సార్, నన్నడగండి, నేను చెబుతాను" అనండి. అంతకుమించి అక్కర్లేదు.

లోపలికి పోయాక

కూర్చోకముందే కాగితం చేతికివ్వండి. "ఎట్లుండావమ్మా" అని అడుగుతాడు. "బాగున్నా సార్" అని నోరు దానంతటదే అనేస్తుంది, జాగ్రత్త. నేను ఆ మాట బదులు "ఇందులో రాశాను సార్" అనడం ఇంట్లో పదిసార్లు అని చూసుకుని పోయాను.

ఆటిజం గురించి చెప్పాలా వద్దా అని చాలామంది అడుగుతారు. నా ఉద్దేశంలో చెప్పండి, కానీ జబ్బు పేరుగా కాదు, పనికొచ్చే సమాచారంగా. "నాకు ఆటిజం" అని ఊరుకుంటే ఆయన తాను చూసిన నాలుగేళ్ల పిల్లవాణ్ని తలుచుకుంటాడు. "నాకు ఆటిజం, అందుకని నొప్పి ముఖంలో కనపడదు, అడిగినదానికి జవాబు నిమిషం ఆగి చెబుతాను, ముట్టుకునే ముందు ఒక మాట చెప్పండి" అంటే ఆయన చేయాల్సిన పని ఆయనకు తెలుస్తుంది. మాట పూర్తిగా పడిపోయే రోజులుంటే అదే ఫోన్‌లో టైపు చేసి పెట్టుకోండి.

బీపీ చూసి "ఎక్కువుందే" అంటే, "బయట శబ్దానికి పెరిగి ఉంటుంది సార్, పది నిమిషాలాగి మళ్లీ చూస్తారా" అని అడగండి.

కొట్టిపారేసే మాటలకు జవాబులు

"చూస్తే అట్లా లేవే." దీనికి వాదన పెట్టుకోవద్దు. "అవును సార్, అందుకే రాసుకొచ్చాను."

"ఆటిజం పిల్లలకు కదా." "పిల్లలే పెద్దవాళ్లయ్యారు సార్, రిపోర్టు ఉంది." రిపోర్టు జిరాక్స్ సంచిలో ఎప్పుడూ ఉండాలి. ఆటిజం అనే మాట వైద్యంలో స్థిరపడింది 1943లో లియో కానర్ అనే ఆయన 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో. ఆ పిల్లలూ పెద్దవాళ్లై బతికినవాళ్లే. మాటలు బాగా వచ్చిన వాళ్లకు ఒకప్పుడు ఆస్పర్జర్ అని వేరే పేరుండేది, 2013లో డీఎస్ఎం-5 అనే, మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే పుస్తకం వచ్చినప్పుడు దాన్నీ ఆటిజంలోనే కలిపారు. శబ్దాలు, వెలుతురు, స్పర్శ భరించలేకపోవడం నిర్ధారణ లక్షణాల్లోకి చేరింది కూడా అప్పుడే. మీ డాక్టరు అంతకుముందు చదువుకుని ఉంటే ఆయనకు ఇది పాఠంలో లేదు, అంతే. మొండితనం కాకపోవచ్చు.

"టెన్షన్ తగ్గించుకో." ఇది అన్నిటికంటే కష్టమైనది, ఎందుకంటే మనకు టెన్షన్ నిజంగానే ఉంటుంది. "టెన్షన్ ఉంది సార్, కాదనను. అయినా టెన్షనే అని తేల్చే ముందు ఏయే జబ్బులు లేవని చూడాలి?" అని అడగండి. మనిషి నీరసంగా ఉన్నాడంటే రక్తం తక్కువ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, షుగరు కావచ్చు, అవి చిన్న రక్తపరీక్షలే.

"పెండ్లైతే అన్నీ సర్దుకుంటాయి." నేనైతే మౌనంగా కాగితంలో చివరి ప్రశ్న మీద వేలు పెడతాను.

అన్నీ అయ్యాక కూడా పరీక్ష రాయనంటే ఒక్క మాట అడగండి: "సార్, నొప్పి ఇన్ని రోజులుంది, ఇప్పుడు పరీక్ష అక్కర్లేదు అని చీటీ మీద రాస్తారా? ఏ లక్షణం కనపడితే మళ్లీ రావాలో కూడా రాయండి." గొంతు పెంచకుండా అడగాలి, దెబ్బలాటలా ఉండకూడదు. రాయడానికి పెన్ను తీసినప్పుడు చాలామంది రెండోసారి ఆలోచిస్తారు.

చీటీ చేతికొచ్చాక

ప్రతి మందూ ఎందుకో అడిగి చీటీ మీదే రాసుకోండి. ఆటిజాన్ని తగ్గించే మందు అంటూ ఏదీ లేదు. ఆందోళనకో, నిద్రకో, మూర్ఛకో మందులుంటాయి, అవి అవసరమైతే వాడాల్సిందే. కానీ నొప్పి అని పోతే ఆల్‌ప్రజోలామ్ లాంటి ఆందోళన తగ్గించే మాత్ర రాస్తే, ఇది ఎన్ని రోజులు, ఎట్లా ఆపాలి అని అక్కడికక్కడే అడగండి. అది అలవాటయ్యే మందు. వారాల తరబడి వేసుకున్నాక ఒక్కసారిగా మీ అంతట మీరు ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

చీటీలన్నీ తేదీల వరసన ఒక ఫైల్లో పెట్టండి. ఆసుపత్రిలో అడ్మిట్ అయి ఉంటే ఆ రికార్డులు అడిగే హక్కు మీకుంది. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి.

రెండుసార్లు కాగితంతో పోయినా వినకపోతే డాక్టరును మార్చండి. "మా నాయన కాలం నుంచి చూస్తున్నాడు" అన్న మొహమాటం నాకు వారం రోజుల నొప్పి తెచ్చింది. ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, ఆగని ఫిట్స్, రక్తం వాంతి లాంటివైతే కాగితాలూ కొలతలూ పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి. బతకాలని లేదు అనిపించే రాత్రయితే 14416, టెలిమానస్. డబ్బు కట్టే పని లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకా నిర్ధారణ కాని వాళ్లు

దీనికి ఫ్యామిలీ డాక్టరు దగ్గర పట్టు పట్టొద్దు, ఆయన చేయగలిగింది పంపించడమే. సైకియాట్రిస్టు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ కావాలి. అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా సర్కారు మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ కాకపోతే బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య ఆసుపత్రి, అనంతపురం నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు. కర్నూలువాళ్లు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీలో కూడా అడిగి చూడొచ్చు.

పోయే ముందు ఏక్యూ-10 అనే, ఆటిజం లక్షణాలను అడిగే పది ప్రశ్నల పట్టీ నింపుకోండి, పదికి 6 గానీ అంతకుమించి గానీ వస్తే పూర్తి పరీక్ష చేయించుకోవాలని అర్థం. అదొక్కటే నిర్ధారణ కాదు. అసలు కావాల్సింది మీ చిన్నతనం సాక్ష్యం. బడి ప్రోగ్రెస్ కార్డుల మీద టీచర్లు రాసిన మాటలు, అమ్మకో మేనత్తకో గుర్తున్న సంగతులు, మాటలు ఎప్పుడొచ్చాయి, బొమ్మలతో ఎట్లా ఆడుకునేవాళ్లు. మా మేనత్త చెప్పింది, పెళ్లిళ్లలో మేళం మొదలవగానే నేను ధాన్యం గదిలో దూరి గోనెసంచుల మీద పడుకునేదాన్నట. బెంగళూరులో నన్ను చూసిన డాక్టరు ఆ మాట రిపోర్టులో రాసింది.

వైకల్య సర్టిఫికెట్ కావాలంటే సచివాలయంలోనో మీసేవలోనో సదరం, అంటే వైకల్యాన్ని కొలిచే సర్కారు పరీక్షకు, స్లాట్ తీసుకోవాలి. ఐసా అనే 40 అంశాల కొలతతో చూస్తారు, 70 గానీ అంతకుమించి గానీ వస్తేనే ఆటిజం కింద లెక్క. అది పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని తయారైన కొలత కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ నెగ్గుకొస్తున్నవాళ్లకు తక్కువ రావొచ్చు, దాంతో మీకు ఆటిజం లేనట్టు కాదు. 40 శాతం వైకల్యం అని వస్తే రిజర్వేషన్ల లాంటివాటికి పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా కూడా ఆటిజం ఉన్నవాళ్లకు ఉంది, లక్ష రూపాయల దాకా, ఓపీ ఖర్చులతో కలిపి.

నా కాగితం సంగతి చెప్పి ఆపుతాను. నాలుగోసారి చూసిన డాక్టరు కుర్రాడు, నాకంటే చిన్నవాడై ఉంటాడు. కాగితం మొత్తం చదివాడు, రెండు నిమిషాలు పట్టింది, ఆ రెండు నిమిషాలూ నావైపు చూడలేదు, నాకు హాయిగా అనిపించింది. "ఫ్యాన్ శబ్దం ఆపమంటారా?" అన్నాడు. ఆపాడు. "ఇప్పుడు నడుము మీద తడతాను, చెప్పే తడతాను" అని వెనక నుంచి కుడిపక్క మెల్లగా తట్టాడు. నేను మామూలుగానే కూర్చుని ఉన్నాను, ముఖంలో ఏమీ మారి ఉండదు. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత. ప్రజోత్పత్తి అనేలోపు చెయ్యి తీసేసి స్కానింగ్ రాశాడు.